కోనాం చేపకి తీసిన స్కాన్

మా మేనత్త లెక్కలో లోకంలో ఉన్నవి రెండే రకాలు: గట్టిగా ఉన్నవి, మెత్తబడినవి. గట్టిగా ఉంటే తాజా. మెత్తబడితే పారెయ్యాలి. చేపలైనా, వంకాయలైనా, నన్ను చూడ్డానికొచ్చిన పెళ్ళికొడుకులైనా ఆవిడ కొలత అదే. ఒకసారి ఒక సంబంధం వస్తే, ఆ అబ్బాయి చెయ్యి పట్టుకుని "రా నాయినా, కూర్సో" అంటూ ప్రేమగా బొటనవేలితో ఒక నొక్కు నొక్కింది. లోపలికొచ్చి "మెత్తగున్నాడే గుంటా, వద్దు" అని తేల్చేసింది. ఆ అబ్బాయికి ఏం జరిగిందో ఈనాటికీ తెలియదు.

ఆవిడ మా నాన్నకి అక్క, మా ఇంట్లోనే ఉండేది. తెల్లారగానే సముద్రపు ఒడ్డున వేలంలో చేప పాడుకుని, గంపతో ఆటో ఎక్కి శ్రీకాకుళం వచ్చి వీధులు తిరిగి అమ్మేది. చుట్ట నిప్పు కొసని నోట్లో పెట్టుకుని కాల్చేది. మా తీరంలో ఆడవాళ్ళు చాలామందికి అదే అలవాటు, అడ్డపొగ అంటారు. గాలికీ తుంపరకీ చుట్ట ఆరిపోకుండా అలా కాలుస్తారని పెద్దవాళ్ళు చెప్పేవారు. నేను చిన్నప్పుడు అడిగితే మాత్రం, "బయటెట్టుకుంటే దారినపోయే ప్రతి మగోడూ నిప్పడుగుతాడు" అంది. పదో తరగతితో నా చదువు చాలన్న మా నాన్నతో నెల్లాళ్ళు మాటలు మానేసి నన్ను ఇంటర్లో చేర్పించింది కూడా ఈవిడే. అందుకే ఆవిడంటే నాకు ప్రాణం. ఆవిడ మొండితనమంటే ఒళ్ళుమంట.

రెండువేల పదిహేను ప్రాంతంలో నేను కెమిస్ట్రీలో పరిశోధన చేస్తుండేదాన్ని. నా పని బంగారంతో. వినడానికి గొప్పగా ఉంటుంది కాని, రోజంతా గాజుసీసాలు కడుక్కోవడమే. బంగారపు ఉప్పు కలిపిన నీళ్ళని మరగబెట్టి, నిమ్మపులుపు నుంచి తీసిన ఇంకో ఉప్పు వేస్తే, బంగారం కంటికి ఆనని రేణువులుగా విడిపోతుంది. ఒక వెంట్రుక మందంలో వాటిని కొన్ని వేలు వరసగా పేర్చవచ్చు. ఆ సైజుకి వచ్చాక బంగారం తన రంగు మరిచిపోయి దానిమ్మరసంలా ఎర్రగా అయిపోతుంది. బరువైన లోహం కనక ఎక్స్‌రేలని అడ్డుకుని సీటీ స్కాన్‌లో తెల్లగా కనబడుతుంది. వీటికి సరైన పూత వేసి ఒంట్లోకి పంపితే క్యాన్సర్ గడ్డ దగ్గరికి పోయి చేరతాయని, చీకట్లో దొంగ మొహాన టార్చిలైటు కొట్టినట్టు దాన్ని పట్టిస్తాయని మా ఆశ. ఆస్పత్రుల్లో స్కాన్‌కి ముందు మనుషులకి ఎక్కించేది మాత్రం అయోడిన్ మందే. పెద్ద పెద్ద చోట్ల ఈ బంగారం ఎలుకల దాకా వెళ్ళింది. నాది సీసా దాటలేదు.

ఒకసారి ఆ సీసా ఒకటి ఇంటికి తెచ్చాను. అత్తకి చూపించి మెప్పు పొందుదామని నా ఉబలాటం.

"ఏటే ఇది?" అంది.

"బంగారం."

సీసాని వెలుగుకెత్తి చూసింది, ఆడించింది, మూత తీసి వాసన చూసింది. ఆవిడ మొహం మారిపోయింది.

"ఒలే గుంటా, నిజం సెప్పు. ఇది మొప్పలకి పూసేదేనా?"

నాకు ముందు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. పాత చేప మొప్పలు పాలిపోతాయి. కొందరు వాటికి ఎర్రరంగు పూసి ఇవాళ్టి చేపేనని అమ్మేస్తారు. మా అత్త దృష్టిలో దొంగతనం, తాగుడు ఇవన్నీ తర్వాత. మొదటి పాపం మొప్పలకి రంగు పూయడం. తన మేనకోడలు కాలేజీలో కూర్చుని ఆ రంగు తయారు చేస్తోందని ఆవిడ రెండు రోజులు నాకు పులుసు పొయ్యలేదు.

ఆ తర్వాత కొన్నాళ్ళకి ఆవిడ దవడ కింద గడ్డ చూశాను. తల దువ్వుకుంటుంటే కనబడింది, ఉసిరికాయంత. ఎన్నాళ్ళయిందంటే "దీపాల్నాడు ఉన్నాది" అంది. అంటే నాలుగు నెలలు. చెయ్యి వెయ్యబోతే నా చెయ్యి విదిలించేసింది.

"నేను రోజూ నొక్కి సూసుకుంతన్నాను. రాయిలా గట్టిగున్నాది. నొప్పి నేదు. మెత్తబడితే కదా భయం!"

నేను చదివిన కాగితాలన్నిటిలో ఉన్నది సరిగ్గా దీనికి తిరగేసిన మాట. మెత్తగా, నొప్పిగా ఉన్న బిళ్ళ చాలాసార్లు మామూలు చీముబిళ్ళే. గట్టిగా, నొప్పి లేకుండా, కదలకుండా ఉన్నదానికే భయపడాలి. అందులోనూ నలభై ఏళ్ళు నిప్పు నోట్లో పెట్టుకున్న మనిషికి. ఆ ముక్క చెబితే "నువ్వు సేపలమ్మేవా, నేను అమ్మేనా?" అంది.

బతిమాలి, ఏడిచి, శ్రీకాకుళంలో ఒక డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన నోరు తెరిపించి అంగిలి చూశారు, మెడ తడిమారు, కాగితం మీద రాశారు. ముందు మందు ఎక్కించి స్కాన్ తీయాలి, ఆ తర్వాత గడ్డలోంచి సూదితో ముక్క తీసి పరీక్షకి పంపాలి.

"మందంటే ఏటి బాబూ?" అని అడిగింది అత్త.

పాపం ఆయన సులువుగా అర్థమవుతుందని, "రంగు లాంటిదమ్మా. నరంలోకి ఎక్కిస్తే లోపలున్నదంతా బాగా కనబడుతుంది" అన్నారు.

అంతే. అత్త కుర్చీలోంచి లేచింది, కొంగు దోపుకుంది, బయటికి నడిచింది. మెట్ల మీద నేను అందుకునేసరికి ఊగిపోతోంది.

"నలభై ఏళ్ళు ఒక్క సేపకి రంగు పూయనేదు. ఇప్పుడు నాకు పూస్తానంతన్నాడు! నేనేటి, కుళ్ళిన సేపనా?"

మూడు వారాలు గడిచాయి. ఆ చీటీ నా సంచిలో నలిగిపోతోంది. నేను తిట్టాను, అన్నం మానేశాను, మా నాన్న చేత చెప్పించాను. మా నాన్న "నీ ఇష్టమే అక్కా" అని చెప్పి వచ్చేశాడు. రాత్రుళ్ళు నాకు నిద్ర పట్టేది కాదు. గడ్డలని వెలిగించే బంగారం చేస్తున్నానని ఊరంతా చెప్పుకునేదాన్ని, ఇంట్లో ఉన్న ఒక్క గడ్డని చూపించలేకపోతున్నాను. సిగ్గుగానూ ఉండేది, కోపంగానూ ఉండేది.

అప్పుడు నాకొక దొంగ ఆలోచన వచ్చింది. ఈవిడ మనుషుల మాట వినదు, చేప మాటైతే వింటుంది.

మా గైడుకి ఎలాగూ ఆ బంగారం మాంసంలో ఎలా కనబడుతుందో ఒక స్కాన్ బొమ్మ కావాలి. బతికున్న ఎలుకకి సూది గుచ్చాలంటే కమిటీ అనుమతి ఉండాలి. బజార్లో కొన్న చచ్చిన చేపకి ఎవరి అనుమతీ అక్కర్లేదు, మా అత్తది తప్ప. విజయనగరంలో ఒక స్కాన్ సెంటర్లో ఇంటర్లో నా క్లాస్‌మేట్ టెక్నీషియన్‌గా ఉండేవాడు. ఆదివారం మధ్యాహ్నం సెంటరు ఖాళీగా ఉంటుంది. వాళ్ళ డాక్టరుగారిని "యూనివర్సిటీ వాళ్ళ నమూనా ఒకటుంది" అని ఒప్పించాడు. ఆ నమూనాకి తోక ఉంటుందన్న సంగతి మాత్రం ఇద్దరం చెప్పలేదు.

"అత్తా, నా చదువుకి ఒక చేప కావాలి. మంచిది ఏరడం నాకు చేతకాదు. నువ్వే ఏరి, నువ్వే తీసుకురావాలి" అన్నాను.

గడ్డ పేరెత్తలేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసింది. కాని చేప ఏరడం చేతకాదని ఒక చదువుకున్న మనిషి ఒప్పుకోవడం ఆవిడకి ఎంత నచ్చిందంటే, అనుమానం మింగేసింది.

ఆదివారం పొద్దున్న ఒడ్డున వేలంలో ఆవిడ పది చేపల్ని తిరస్కరించింది. మొప్పలెత్తి చూసి, కళ్ళు చూసి, బొటనవేలితో వీపూ పొట్టా నొక్కి, చివరికి మూరన్నర కోనాం ఒకటి పట్టుకుంది. దాని పొట్ట పక్కన నా వేలు పెట్టించి మరీ నొక్కించింది.

"సూడు! ఎలా ఎనక్కి తన్నుతన్నాదో. ఇంత గట్టి సేప ఈ నెల్లో రానేదు. మీ మేష్టారికి సెప్పు."

చేప దొరికింది కాని బస్సెలా ఎక్కాలి? చేపల గంపని కండక్టర్లు రానివ్వరు. నేను నా ల్యాప్‌టాప్ సంచి ఖాళీ చేశాను. ఐసుముక్కలతో రెండు పాలిథిన్ కవర్లలో చుట్టి కోనాన్ని అందులో ఐమూలగా దూర్చాను. తోక నాలుగు వేళ్ళ మేర బయటికి ఉండిపోయింది. దానికి చున్నీ కప్పాను. చిలకపాలెం దాటేసరికి ఐసు కరిగి, పక్కనున్న పెద్దాయన ప్యాంటు మీద కారడం మొదలెట్టింది. ఆయన ఒకసారి సంచినీ, ఒకసారి నన్నూ చూసి, "అమ్మాయీ, మీ కంప్యూటరు కారుతోంది" అన్నారు. అత్త కిటికీ వైపు తిరిగి భుజాలు కుదిపేసుకుంటూ నవ్వింది. గడ్డ చూసినప్పటి నుంచి ఆవిడ అలా నవ్వగా చూడ్డం అదే మొదలు, నాకూ హాయిగా అనిపించింది.

మా టెక్నీషియన్ పొద్దున్న చర్చిలో పాటలు పాడి, అదే తెల్లచొక్కాతో వచ్చాడు. సంచి విప్పగానే ముక్కు మూసుకున్నాడు. "ఒసే, వాసన రాదన్నావు కదే!"

"కంపు నా సేపకా?" అంది అత్త. వాడు వెంటనే ముక్కు మీంచి చెయ్యి తీసేశాడు.

వాష్‌బేసిన్ దగ్గర సిరంజిలో నా ఎర్రబంగారం తీశాను. మూడు నెలల పంటని యంత్రంలో గిర్రున తిప్పి చిక్కబరిస్తే మిగిలింది అర చెంచా. చేపలో ఉప్పు తగిలితే రేణువులు ముద్దకడతాయని ముందే వాటికి తుమ్మజిగురు పూత వేశాను. చచ్చిన చేపలో నెత్తురు పారదు కనక ఎక్కడ గుచ్చితే మందు అక్కడే ఉంటుంది. వీపు మీద రెక్క పక్కన గుచ్చాను. అత్త మొహం చిట్లించింది. "మంచి సేపకి రంగేస్తన్నావు. నీకు పుట్టగతులుండవు."

కంప్యూటరు ముందు ఇంకో తంటా. పేషెంటు వివరాలు నింపకపోతే మిషను కదలదు. మావాడు పేరు దగ్గర కోనాం అని కొట్టాడు. వయసు అడిగితే అత్త ఆలోచించి "రెండేళ్ళుంటాది" అంది.

"ఆడా, మగా?"

"ఆడదే. కడుపునిండా జన ఉన్నాది." అంటూనే ఆవిడ చూపు తలుపు మీది బొమ్మ మీద పడింది. గర్భిణులు ముందే చెప్పాలని అక్కడ పెద్ద పొట్టతో ఒక ఆడమనిషి బొమ్మ ఉంది. "ఒరే బాబూ, ఇది గుడ్లతో ఉన్నాది. మరి తియ్యొచ్చా?"

వాడు చాలా మర్యాదగా, తియ్యొచ్చమ్మా అన్నాడు.

కోనాం బల్ల మీద ఒక్కతే పడుకుని ఆ గుండ్రటి కంతలోకి జరిగింది. మేము అద్దం ఇవతలున్నాం. తెర మీద ముల్లు, పక్కటెముకలు, గుడ్లసంచి ఒక్కొక్కటీ తేలుతుంటే అత్త కుర్చీ అంచుకి జరిగింది. ఇన్నేళ్ళలో ఎన్ని వేల చేపల్ని కోసిందో. కోయకుండా లోపల చూడ్డం ఆవిడకి అదే మొదటిసారి.

"అదిగో, పొట్ట పక్కన! నీ బంగారం ఎలా మెరుస్తన్నాదో!"

అక్కడ ఏదో భగ్గున తెల్లగా మండుతోంది, చుట్టూ గీతలు చిమ్ముతోంది. నేను గుచ్చింది వీపులో.

"అది నాది కాదత్తా."

"మరి నీదేది?"

చాలాసేపు వెతికి చూపించాల్సి వచ్చింది. రెక్క పక్కన కందిగింజంత లేతమచ్చ. నా మూడు నెలల కష్టం. అత్త దాన్ని చూసింది, నన్ను చూసింది, జాలిపడింది. మావాడు నవ్వు ఆపుకోలేక టేబుల్ కిందకి వంగి లేని పెన్ను వెతికాడు. నాకు కోపం ముంచుకొచ్చింది. "ఆ మచ్చ చిన్నదే. కాని చుట్టూ చూడండి, మాంసమంతా ఒకటే బూడిదరంగు. మందు లేకపోతే ఆ చోటుకీ పక్క చోటుకీ తేడా ఎలా తెలుస్తుంది?" అని అరిచాను. అరిచాక నాకే తెలిసింది, మూడు వారాలుగా నేను చెప్పాలనుకుంటున్నది ఇదేనని.

అత్త మచ్చ వైపు మళ్ళీ చూసింది. ఈసారి జాలిపడలేదు.

"రంగేస్తే దాగిపోతాదనుకున్నాను. బయటపడతాదా?"

"బయటపడడానికే వేస్తారు."

ఆవిడ పొట్ట పక్కన మండుతున్నదాన్ని వేలితో చూపించి, "మరి అదేటి? కొయ్యండి" అంది.

పెరట్లో కుళాయి దగ్గర పేపరు పరిచి ఆవిడే కోసింది. పొట్టగోడలో ఒక గేలం. ఎప్పుడో ఎవరి తాడో తెంపుకుని మింగేసినట్టుంది, తుప్పు పట్టిపోయింది. దాని చుట్టూ మాంసం ముద్దగా, తెల్లగా బిగుసుకుపోయింది. పొద్దున్న ఒడ్డున నా వేలు పెట్టించి, గట్టిగా ఉందని మెచ్చుకున్న చోటు అదే. అత్త ఆ ముద్దని బొటనవేలితో నొక్కింది. వదిలింది. మళ్ళీ నొక్కింది.

"గట్టిగున్నాది," అంది. తన బొటనవేలిని తిప్పి చూసుకుని, "నా సేతికి తెలీనేదే" అంది.

నలభై ఏళ్ళ చెయ్యి అది. వేలంలో ఆ చెయ్యి ఏ చేపని నొక్కితే దాని ధర పెరిగేది. నేను గెలిచానని సంబరపడాల్సింది, నాకు ఆవిడని చూస్తే ఏడుపొచ్చింది. వచ్చేటప్పుడు బస్సులో ఆ చేపని వండుకోవాలా వద్దా అని పెద్ద గొడవ పెట్టుకున్నాం. బంగారం ఉన్న ముక్క కోసిచ్చేస్తే మిగతాది పులుసు పెట్టేస్తానంది. అది నా పరిశోధన నమూనా అన్నాను. నీ మేష్టారు తింటాడా ఏటి అంది. చిలకపాలెం బోర్డు కనబడే దాకా అలా తగువులాడి, ఉన్నట్టుండి "ఆ సీటీ ఉన్నాదా?" అంది.

సంచి పక్కజేబులోంచి డాక్టరు రాసిన చీటీ తీసి ఇచ్చాను. నలిగిపోయి, అంచులకి చేపనీళ్ళు పట్టి ఉంది. చదవడం రాకపోయినా అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి తన రవికెలో పెట్టుకుంది.

బుధవారం మళ్ళీ అదే సెంటరుకి వెళ్ళాం. లోహం ఏదీ ఉండకూడదంటే ముక్కుపుడక తీసింది, గాజులు తీసింది. మందు ఎక్కేటప్పుడు ఒళ్ళంతా వేడిగా ఉంటుంది, ఒంటేలు పోసుకున్నట్టు అనిపిస్తుంది, కంగారుపడొద్దని మావాడు చెప్పాడు. "కోనాం కంగారుపడిందేటి?" అని లోపలికి వెళ్ళింది. కాసేపటికి మైకులోంచి "ఒరే, నిజంగానే పోసీసేనేమో సూడరా!" అన్న కేక బయట హాల్లో ఉన్నవాళ్ళందరికీ వినబడింది.

తర్వాత జరిగినవి చెప్పేస్తాను. విశాఖపట్నంలో ఆపరేషన్ చేశారు, అంగిలి కొంత తీసేశారు, నెలన్నర రేడియేషన్ ఇచ్చారు. మనిషి సగమైంది, కాని బతికింది. చుట్ట పోయింది. మాట ముక్కులోంచి వస్తుంది కనక బేరమాడబోయే కొత్తవాళ్ళకి ఆవిడ ఏమంటోందో అర్థం కాదు, అడిగినంతా ఇచ్చేసి పోతారు. నా కందిగింజ మచ్చ నా థీసిస్‌లో ఒక మూల ఉంది.

ఆ బుధవారం మాత్రం ఇవేవీ మాకు తెలియవు. స్కాన్ అయ్యాక మావాడు బయటికొచ్చి, రిపోర్టు డాక్టరుగారు రాస్తారని చెప్పి, ముక్కుపుడక నా చేతిలో పెట్టి, మా మొహాలు చూడకుండా లోపలికి వెళ్ళిపోయాడు. అత్త బేరాల్లో మొహాలు చదివి బతికిన మనిషి. వాడు వెళ్ళినవైపు కాసేపు చూసి, బెంచీ మీద నా పక్కకి జరిగింది.

"నువ్వు సెప్పు. సదూకున్నావు కదా."

ఊరందరికీ పాఠం చెప్పే నోరు నాది. డాక్టరు చెప్పాలి, పరీక్ష అవ్వాలి అని ఏదో గొణిగాను. ఆవిడ వినిపించుకోలేదు. అన్ని వారాలూ దగ్గరికి కూడా రానివ్వని నా చేతిని తనే పట్టుకుంది. పమిట తప్పించి, దవడ కిందకి తీసుకెళ్ళి గడ్డ మీద పెట్టింది.

"నొక్కు."

నొక్కాను. రాయిలా ఉంది. అటూ ఇటూ జరిపి చూశాను, జరగలేదు.

"ఎలాగున్నాది?"

"గట్టిగా ఉందత్తా."

"మంచిదా, సెడ్డదా?"

ఆవిడ కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. మొప్పలకి రంగు పూసి అమ్మేవాళ్ళని ఆవిడ జీవితంలో ఎన్నడూ క్షమించలేదు.

"చెడ్డదే," అన్నాను.

తల ఊపింది. నా చెయ్యి మాత్రం అక్కడి నుంచి తియ్యనివ్వలేదు.